కొత్త అల్లుడికి రెండో డికాషన్

రాజపాళయంలో కాఫీ సంగతి తనకు తెలిసినంతగా ఇంకో మనిషికి తెలియదని సుదర్శన రాజా గట్టిగా నమ్మినాడు. నమ్మినవాడు నోరు మూసుకొని ఉంటాడా? చావడిలోనూ, పత్తి మండీలోనూ, సేత్తూరు బస్సుకు కాచుకున్నవాళ్ళ దగ్గరా, వినేవాడు ఒకడు దొరికితే చాలు, వాణ్ణి పట్టుకొని కాఫీ పురాణం ఎత్తుకునేవాడు. వయసు మళ్ళినాక ఆయనే నవ్వుకుంటూ, "దేముడు నాకు ముక్కు పెద్దదిగా ఇచ్చినాడప్పా, ముక్కు వెనకాల పెట్టాల్సింది పెట్టను మరిచినాడు" అనేవాడు. ఆ బుద్ధి ముందే ఉండింటే ఈ కతే లేదు.

అప్పట్లో, అంటే వెయ్యిన్ని తొమ్మిదినూర్ల ముప్పైలలో, ఊళ్ళో చాలా ఇండ్లలో పొద్దున్నే తాగేది నీరాగారం. రాత్రి అన్నంలో పోసి ఉంచిన నీళ్ళు, రవంత ఉప్పు, కొరుక్కోను ఒక చిన్న ఉల్లిపాయ. కాఫీ అంటే మదురై మనుషుల షోకు. సుదర్శన రాజా ఏదో కోర్టు పని అని మదురై పోయినాడు. కోర్టు పని ఏమైందో ఆ దేముడికే తెలుసు గాని, మనిషి మాత్రం ఇత్తడి ఫిల్టరు ఒకటి చంకన పెట్టుకొని దిగినాడు. ఆ దినం నుంచి ఇంటి ముందరి అరుగు, ఆ తిన్నెమీద కుంపటి, ఇనుప పెనం, గింజలు పొడి చేసే చేతి మిషను. మగవాడు వంటింట్లో కూర్చుంటే పరువు పోతుంది, తిన్నెమీద కూర్చుంటే పోదు, అది ఆయన లెక్క. గింజలు వేయించే దినం వీధంతా పొగ. అడవి పందిని చూసి కూడా బెదరని ఆయన వేటకుక్క, ఆ పొగ లేస్తూనే తోక ముడుచుకొని పక్కింటికి పోయేది.

కాఫీ వచ్చినాక దాని వెనకాలే ఒక మర్యాద కూడా వచ్చింది. ఫిల్టరులో పొడిమీద మొదట పోసిన వేడినీళ్ళకు దిగేది మొదటి డికాషన్. నల్లగా, చిక్కగా ఉంటుంది. అది ఇంటికి వచ్చిన చుట్టానికి. అదే పొడిమీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. అది ఇంటివాళ్ళకు, పనివాళ్ళకు. తెలియక ఒకటికి బదులు ఇంకోటి పోసినా, చుట్టానికి అది చెప్పులు చూపించి పొమ్మన్నట్టే. ఈ సట్టమంతా ఊళ్ళో వాళ్ళకు నేర్పించింది ఎవరనుకుంటున్నారు? మన సుదర్శన రాజానే. తాను తవ్విన గోతిలో తానే పడేది ఇట్లాంటివాళ్ళకే కదా రాసిపెట్టి ఉండేది!

ఆయనకు ఉండేది ఒకే చెల్లెలు, కృష్ణమ్మాళ్. అమ్మా నాయనా తొందరగా పోతే, ఎత్తుకొని పెంచినవాడు ఆయనే. ఊళ్ళోనే పక్క పాళెమైన పుదుపాళెంలో మాధవ రాజాకు ఇచ్చి పెండ్లి చేసినాడు. మంచివాడే. తక్కువ మాటలు, ఎక్కువ రోషం. పెండ్లయినాక వచ్చే మొదటి దీపావళికి కొత్త అల్లుణ్ణి, అంటే మాప్పిళ్ళెను, పిలిచి, తలకు నూనె పెట్టి, కొత్త వేట్టి పంచె ఇచ్చి గౌరవించాల. తల దీపావళి అంటారు. ఆ దినం పొద్దున్నే సుదర్శన రాజా పెండ్లాం ముత్తులక్ష్మి, "నేను పెడతాను లెండి కాఫీ, మీకు వెయ్యి పనులు" అన్నది.

"నువ్వూరుకో! మాప్పిళ్ళె కాఫీ నా చేతిమీదగానే పోవాల" అని ఆయన తిన్నెమీద కూలబడినాడు.

మొదటి డికాషన్ దిగింది. సరిగా దిగిందా లేదా చూడాల కదా? ఒక చెంచా తాగినాడు. బాగుండింది. నిజంగానే బాగుందా, తన నాలిక్కి అట్లా తోచిందా అని ఇంకో చెంచా. పాలతో ఎట్లా ఉంటుందో చూడాల కదా, రవన్ని పాలు కలిపినాడు. పాలు ఎక్కువైనాయి, సరిచేయను ఇంకొంచెం డికాషన్. సక్కర సరిపోయిందా అని ఒక గుక్క. ఆహా, ఇట్లాంటి కాఫీ మదురైలో ఏ దొర తాగినాడు అనుకుంటూ కండ్లు మూసుకొని తల ఊపినాడు. కండ్లు తెరిచి చూస్తే ఫిల్టరు అడుగు తళతళా మెరుస్తోంది!

పొడి డబ్బా ఖాళీ. వేయించిన గింజ ఒక్కటి లేదు. లోపల మాప్పిళ్ళె తలంటుకొని, కొత్త వేట్టి కట్టుకొని కూర్చున్నాడు. ఏమి చేసేది? ఉన్న పొడిమీదే మళ్ళీ నీళ్ళు పోసి, పాలు ఎక్కువ చేసి, నురగ బాగా లేపి, రెండు చేతులా పట్టుకొని పోయి ఇచ్చినాడు.

మాధవ రాజా ఒక్క గుక్క తాగినాడు. టంబ్లరు లోపలికి ఒకసారి చూసినాడు. బావమరిది మీసాలమీద ఆరని నురగను ఒకసారి చూసినాడు. టంబ్లరు కింద పెట్టి, "కృష్ణమ్మా, లెయ్యి, పోదాం" అన్నాడు.

పోయినారు. పుదుపాళెం ఎంత దూరం! ఇక్కడ గట్టిగా తుమ్మితే అక్కడ చిరంజీవ అంటారు. ఆ దూరం దాటి కృష్ణమ్మాళ్ మళ్ళీ పుట్టింటికి రాలేదు. మొగుడు అడుగు పెట్టని ఇంటికి పెండ్లాం ఎట్లా వస్తుంది? కొత్త అల్లుడికి రెండో డికాషన్ పోసినారంట అని రెండు పాళేలూ నవ్వినాయి. సుదర్శన రాజా ఒకసారి సిగ్గు విడిచి పోయి వాళ్ళ వాకిట నిలబడినాడు. "తోటకు పోయినారు" అని లోపలనుంచి పనిమనిషి చెప్పింది. తోటకు పోయిన మనిషి దగ్గు మాత్రం ముందు రూములోనుంచి బాగా వినపడింది. తలుపు సందులో కృష్ణమ్మాళ్ చీరె అంచు కనపడింది, అంతే. ఆ దినం ఇంటికి వచ్చి ఆయన అన్నం తినలేదు.

అన్నం మానినాడు గాని కాఫీ మానినాడా? అదీ లేదు. ఇంకా పిచ్చి ముదిరింది. బావ ఒకసారి తాగితే చాలు కోపమంతా దిగిపోవాల, అట్లాంటి కాఫీ కనిపెడతానని కంకణం కట్టుకున్నాడు. ఇంతలో యుద్ధం వచ్చింది. కాఫీ గింజ కరువు, సక్కర రేషను. ఇంకొకడైతే ఊరుకుంటాడు. ఈయన శొంఠి కాఫీ చేసినాడు. జీలకర్ర కాఫీ చేసినాడు. పశువులకు పెట్టే పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పాలు పిండి, దాంట్లో డికాషన్ పోసినాడు. అది తాగిన పక్కింటి శ్రీనివాస రాజా, "బావుందిరా, ఇంక రెండు దినాలు తాగితే నేనూ చూలు కడతాను" అన్నాడు.

అన్నిటిలోకీ బాగా కుదిరింది కరుపట్టి కాఫీ. తాటిబెల్లం వేసి చేసేది. దానికి మాత్రం వీధిలో నిజంగానే పేరు వచ్చింది. కాని దాంట్లో ఒక సంగతి ఉండాది. కరుపట్టిని ముత్తులక్ష్మి ముందే కరిగించి, వడకట్టి, చల్లార్చి, పాలు కుంపటిమీద నుంచి దించినాక చేతికి అందించేది. ఈయన దాన్ని పోసి, కలిపి, మీసం మెలేసేవాడు. ఆ చల్లార్చేదీ, దించేదీ ఎందుకని ఒక్క దినమైనా అడిగినాడా? పెండ్లాం అందించేది ఎప్పుడూ సరిగానే ఉంటుంది, దాన్ని గురించి మగవాడికి ఆలోచనేమిటికి!

అట్లా యేండ్లు పోయినాయి. కృష్ణమ్మాళ్‌కు మగబిడ్డ పుట్టినాడని రెండిండ్లకూ పాలు పోసే పళనియమ్మాళ్ వచ్చి చెప్తే, సుదర్శన రాజా ఆమెకు కొత్త చీరె ఇచ్చినాడు. బిడ్డను చూడను మాత్రం పిలుపు రాలేదు. కొన్ని నెలలకు ఆమే మళ్ళీ వచ్చి, "సామీ, రేపు బిడ్డకు చెవులు కుట్టేది. మీ పెదనాయన కొడుకు అళగిరి రాజా ఒడిలో కూర్చోబెడతారంట" అన్నది.

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ కూర్చోవాల్సింది మేనమామ ఒడిలో. తోడబుట్టినవాడు ప్రాణాలతో ఉండగా ఇంకొకడి ఒడిలో కూర్చోబెట్టినారంటే ఏమర్థం? నీకూ ఈ చెల్లెలికీ ఇంక ఏ సంబంధమూ లేదని ఊరందరి ముందరా చెప్పినట్టే. సుదర్శన రాజాకు కాళ్ళకింద భూమి కదిలింది. తాను ఎత్తుకొని పెంచిన పిల్ల. అన్నం ముద్దలు చేసి తినిపించిన పిల్ల. ఒక పాడు టంబ్లరు కాఫీకి ఆ పిల్లను పోగొట్టుకునేదా?

తెల్లవారుతూనే లేచినాడు. పోయి బావ కాళ్ళమీద పడినా సరిపోయేది. లేదు, గొప్పలు ఎక్కడికి పోతాయి! ఫిల్టరు, ఉన్న మంచి పొడంతా, శొంఠి, ఒక కరుపట్టి అచ్చు మూట కట్టుకున్నాడు. ముత్తులక్ష్మి, "ఉండండి, నేనూ వస్తాను, కరుపట్టి కరిగించి ఇస్తాను" అన్నది.

"ఇది నేను చేసిన తప్పు, నేనే సరిచేయాల" అని ఒక్కడే బయలుదేరినాడు. మొగవాడి మాట!

పుదుపాళెంలో తిన్నె నిండా చుట్టాలు. కంసాలి ఆచారి చెవులు కుట్టే బంగారు తీగెలు పళ్ళెంలో పెట్టుకొని కాచుకున్నాడు. అళగిరి రాజా పట్టు వేట్టి కట్టుకొని, ఒడి వెడల్పు చేసుకొని కూర్చున్నాడు. వాళ్ళందరి నడుమ సుదర్శన రాజా మూట దించి, "బావా, ఒక కుంపటీ కొంచెం పాలూ ఇప్పించండి. ఆ దినం మీకు చేయాల్సిన మర్యాద ఈ దినం చేస్తాను. తరువాత మీరు పొమ్మంటే పోతాను" అన్నాడు.

మాధవ రాజా పైనుంచి కిందికి చూసినాడు. అంతమంది ముందర కాదంటే బాగుండదు. సరే అన్నట్టు తల ఊపినాడు.

డికాషన్ దిగేదాకా అందరూ చూస్తూ కూర్చున్నారు. చుక్క చుక్కగా దిగుతోంది. సుదర్శన రాజా ఈసారి రుచి చూస్తే ఒట్టు. నోరు గట్టిగా మూసుకున్నాడు, మీసాలు పైకి తుడుచుకున్నాడు. పాలు పొంగుతున్నాయి. శొంఠి వేసినాడు. కరుపట్టి అచ్చు రాయిమీద కొట్టి, ముక్కలు ముక్కలుగా తెర్లుతున్న పాలలోనే వేసేసినాడు.

పాలు ఒకసారి బుస్సుమన్నాయి. తరువాత నిదానంగా, ఏ తొందరా లేకుండా, విరిగిపోయినాయి. తెల్లటి తునకలు ఒక పక్క, పచ్చటి నీళ్ళు ఒక పక్క.

"అయ్యయ్యో" అన్నారు ఎవరో. వెనకనుంచి ఒకడు కిసుక్కుమన్నాడు. సుదర్శన రాజాకు ఏమి చేసేదీ తోచక, ఆ విరిగిన పాలలోనే డికాషన్ కలిపి, టంబ్లరు తీసుకొనిపోయి బావ ముందర పట్టినాడు.

మాధవ రాజా దాన్ని అందుకొని లోపలికి తొంగి చూసినాడు. "ఇది ఏమిటి?"

"మొదటిదే బావా. ఒట్టు. నేను చుక్క కూడా నోట పెట్టలేదు."

"పెట్టి ఉండాల్సింది" అన్నాడు బావ.

తిన్నె తిన్నెంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు అణగకముందే లోపలనుంచి కృష్ణమ్మాళ్ బిడ్డను చంకన వేసుకొని బయటికి వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందర ఆమె అట్లా వచ్చింది అదే మొదలు. నవ్వులు ఆగిపోయినాయి.

"అయిందా మీ ఇద్దరి మర్యాదా?" అన్నది. గొంతు పెద్దది చేయలేదు. "ఒకరికి మొదటిది రాలేదని కోపం. ఒకరికి మొదటిది పోయలేదని ఏడుపు. ఆ దినం నేనూ ఉంటిని కదా ఆ ఇంట్లో? నాకూ తల దీపావళే కదా? నాకు పోసింది మొదటిదా, రెండోదా?"

సుదర్శన రాజా ఎంత తలచుకున్నా ఆ దినం చెల్లెలు ఎక్కడ కూర్చున్నదో కూడా జ్ఞాపకం రాలేదు.

"ఏదీ పోయలేదు. తాగతావా అని అడగను కూడా లేదు. నాకు కోపం రాలేదు, రోషం రాలేదు. పుట్టిల్లు పోయింది మాత్రం నాది. ఒక్కతెనే కని, ఒక్కతెనే లేచినాను. వదినైనా వచ్చి తలకు నీళ్ళు పోస్తుందని వాకిలి చూసినాను." ఆమె కండ్లు తుడుచుకోలేదు. "అళగిరన్నా, లే అట్ల."

అళగిరి రాజా పట్టు వేట్టి సర్దుకొని లేచి పక్కకు పోయినాడు. ఆ చోట ఆమె అన్నను కూర్చోబెట్టి, బిడ్డను ఒడిలో పెట్టింది. మొగుడి వైపు చూడలేదు, అడగలేదు. మాధవ రాజా చేతిలో ఉన్న టంబ్లరును ఎక్కడ పెట్టేదో తెలియక పట్టుకొనే నిలబడినాడు.

ఆచారి చెవులు కుట్టినాడు. బిడ్డ గుక్క పట్టి ఏడ్చినాడు. సుదర్శన రాజా, "నన్ను క్షమించు తల్లీ, నేను ఒట్టి మూర్ఖుణ్ణి" అంటూ బిడ్డకంటే గట్టిగా ఏడ్చినాడు. ఆచారి కుట్టింది ఎవరి చెవులని పుదుపాళెంవాళ్ళు చాలా కాలం ఎగతాళి చేసినారు.

ఆ సాయంకాలమే కృష్ణమ్మాళ్ బిడ్డను ఎత్తుకొని అన్నతోనే పుట్టింటికి నడిచింది. వీధి మలుపులో సుదర్శన రాజా వెనక్కి తిరిగి చూస్తే, కొంచెం దూరంలో మాధవ రాజా వస్తున్నాడు, ఎవరూ పిలవకుండానే.