గాజు బాబాయి చేతులు

మా కాలేజీలో పగిలిన గాజు సామానంతా చివరికి ఒకే గదికి చేరుతుంది. సైకిల్ స్టాండ్ వెనక రేకుల కప్పు కింద ఉంటుందది. అక్కడ పనిచేసే మనిషిని అందరూ గాజు బాబాయి అంటారు. వయసు యాభై తొమ్మిది. గాజులోకి ఊదడానికి నోట్లో ఎప్పుడూ ఒక రబ్బరు గొట్టం ఉంటుంది కాబట్టి మాట పెదవి చివర నుంచి సగమే వస్తుంది. ఆ సగానికే మా కెమిస్ట్రీ మేడమ్ కూడా హడలిపోతుంది. రెండో సంవత్సరంలో నేనొక ఫ్లాస్క్ పగలగొట్టి, అతికించమని బతిమాలడానికి వెళ్లి, ఆ గదిలోనే తిష్ఠ వేశాను. మంటలో గాజు మెత్తబడి వంగడం చూశాక నాకింకే పాఠమూ బుర్రకెక్కలేదు.

ఈ ఏడాది నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనపడింది. విదేశంలో ఆర్నెల్ల చదువు, దాంతోపాటు అక్కడి వర్క్‌షాపులో గాజు పని నేర్పుతారట. చదివి ఎగిరి గంతేశాను. మర్నాటికి ఆ సంబరం కాస్తా నీరుగారింది. బాబాయి రిటైరయ్యేదీ సరిగ్గా ఆర్నెల్లకే. గొట్టంలో గొట్టం పెట్టి అతికే పని నాకింకా పట్టుబడలేదు. పద్నాలుగు చేశాను, పద్నాలుగూ చల్లారేటప్పుడు ఠప్పున పగిలాయి. వెళ్తే, తిరిగొచ్చేసరికి ఆ గదికి తాళం పడుతుంది. ఉందామంటే కాళ్లు నిలవవు.

అమ్మ బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. సలహా అడిగితే, "నీ ఇష్టమే తల్లీ, నన్ను లాగకు" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "స్వెట్టర్లు మాత్రం రెండు కొనేశాను" అంది.

ఫారం ఇవ్వడానికి ఆఖరి రోజు శుక్రవారం. ఆ ఉదయం పదకొండుకి అక్కడి వర్క్‌షాపు పెద్దావిడ నా పని వీడియో కాల్‌లో చూస్తానంది. ఫోన్‌ని ల్యాబ్ స్టాండుకు బిగించాను. బాబాయి బీరువా వెనక నక్కి, దులిపిన సీసాలనే మళ్లీ దులుపుతున్నాడు. నేను తేలికైన పనే ఎంచుకుని, రెండు గొట్టాలు మంటలో తిప్పుతూ అతకడం మొదలెట్టాను.

"ఆగు. రెండు చేతులూ బోర్లా పట్టావేం? ఒకటి వెల్లకిలా ఉండాలి కదా?" అందావిడ ఇంగ్లీషులో.

"మా బాబాయి ఇలాగే నేర్పారు" అన్నాను, కాస్త పొగరుగానే.

"ఆయన్ని పిలు."

బాబాయి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చాడు. నాకు రాని ఆ అతుకే వేసి చూపించాడు. ఆవిడ మళ్లీ వెయ్యమంది. మూడోసారికి ఫోన్లో మూడు తలలు కనపడ్డాయి. ఆవిడ తనూ చేతులు బోర్లా పెట్టి ప్రయత్నిస్తే గొట్టం వంకరపోయింది, పకపకా నవ్వేసింది. తర్వాత తన పద్ధతి చూపించింది. బాబాయి ముఖం ఫోన్‌కి అంటుకుపోయింది.

"మణికట్టు చూడు! చూడవే, మణికట్టు చూడు!" అని నా భుజం వాచేలా చరిచాడు. బాబాయి అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

కాల్ అయిపోయింది. సీటు నీదేనని చెప్పి మరీ పెట్టేసిందావిడ. నేను గాల్లో తేలుతున్నాను. "చూశారా బాబాయ్! వాళ్లే మీ దగ్గర నేర్చుకునేలా ఉన్నారు. ఇంక నేను వెళ్లడమెందుకు? ఈ ఆర్నెల్లూ ఇక్కడే ఉండి ఆ అతుకు నేర్చుకుంటా."

"నోర్ముయ్" అన్నాడు. "నాకీ పని ఎవరు నేర్పారనుకుంటున్నావ్?"

"ఎవరో పెద్ద మేస్త్రి..."

"ఎవరూ లేరు. నేను చేరేసరికి ముందున్నాయన వెళ్లిపోయాడు. బర్నరొకటీ, పగిలిన సామానూ ఉన్నాయి. ఆ ముక్కలు తిప్పి తిప్పి చూసి నేర్చుకున్నా. ముప్పై నాలుగేళ్లలో ఈ పని చేసే ఇంకో మనిషిని ఇవాళే చూశానే పిల్లా. అదీ ఫోన్లో, అరగంట. నేను పట్టేది తప్పో ఒప్పో అడుగుదామంటే మనిషి లేడు."

ఇన్నాళ్లుగా పక్కనే నిలబడి ఆ ఒక్క మాటా అడగలేదని నా మీద నాకే ఒళ్లు మండింది.

"మరి మీరు రిటైరైపోతే?" అన్నాను.

"అయితే? చేతులు ఆఫీసులో అప్పజెప్పి పోతానా? ఆ అతుకు మా వంటింట్లో కూర్చోబెట్టి నేర్పుతా. నువ్వెళ్లి ఆవిడ పక్కన నిలబడి చూడు. చూసొచ్చి నాకు నేర్పు."

ఆ బల్ల మీదే ఫారం పరిచి సంతకం పెట్టాను. తొందరలో అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. సిరా ఆరనే లేదు, బాబాయి కాగితం లాక్కుని, "నీ నడకకి ఆఫీసు మూసేస్తారు" అంటూ సైకిళ్ల మధ్య నుంచి పరుగు తీశాడు. అప్పటికింకా పన్నెండు కూడా కాలేదు. నేను బర్నర్ ఆర్పి వెనకే పరిగెత్తాను.