చిన్నమామ హిందీలో ముగ్గురు దేవతలు

ఆ హిందీ సీరియల్ సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చిన్నమామ, అంటే నా పెనిమిటి చిన్నాయన. బొంబాయి పక్క భీవండిలో చాలా ఏండ్లు సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపి సిరిసిల్లకు తిరిగొచ్చాడు కాబట్టి మా వాడకంతటికీ హిందీ ఆయనే.

"టీవీల ఒక పిల్ల ఉంది వదినే. మనిషి ఒక్కతే, లోపట ముగ్గురున్నరు. మన పిల్ల లెక్కనే," అన్నాడు మా అత్తమ్మతో.

మన పిల్ల అంటే మా ఆడబిడ్డ. చిన్నప్పుడు జగిత్యాల పక్క ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగింది. పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్ అన్నలు వచ్చే రోజులవి. ఎవరొచ్చి ఎవరిని అడిగినా "ఇంట్ల లేరు" అనాలని పిల్లలకు మాటలతోపాటే నేర్పేవారు. ఒక తెల్లవారుజామున పోలీసులు మేనమామ కోసం వస్తే, అమ్మమ్మ ఈమెను వడ్లు పోసుకునే గుమ్మిలో దాచి, "మీ అవ్వ అచ్చి పిలిచేదాక పలుకకు" అంది. మా దిక్కు అవ్వ అంటే తల్లి. బస్సులు బంద్ కావడంతో అత్తమ్మ ఆ రోజు రాలేకపోయింది. పొద్దు గూకినాక అమ్మమ్మే పిల్లను బయటికి తీసింది. పిల్ల బాగానే ఉందన్నారు. దేవుని దయ అన్నారు.

పెద్దదయ్యాక, ఎవరైనా తలుపు గట్టిగా కొడితే చాలు, నూలు మూటల వెనక నక్కి ముసలి గొంతుతో "గా పిల్ల ఇంట్ల లేదు" అనేది. అమ్మవారు వచ్చిందని వాడంతా కొబ్బరికాయలు తెచ్చి, మూతబడ్డ సాంచాలు మళ్లీ ఎప్పుడు నడుస్తాయని అడిగేవారు. అమ్మవారు అందరికీ అదే జవాబు చెప్పేది. అమ్మవారి మాట, గుమ్మి సంగతి అందరికీ తెలుసు. రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు.

నేను బడికి పోలేదు. కోరుట్లలో మా నాయన ఇంట్లోనే పురాణాలు చదివించి అక్షరాలు నేర్పాడు. ఆ పుణ్యాన దేవుని మీద నాకు ఎన్నడూ అనుమానం లేదు. చిన్నమామ హిందీ మీద మాత్రం కొంచెం ఉండేది.

"డాక్టరేమంటుండు మామా?" అని సీరియల్ చూస్తూ అడిగేదాన్ని.

"ముగ్గురు దేవతలట. ఒకలకు కోడి, ఒకలకు యాటపోతు ఇయ్యాలంటుండు."

"కోటు ఏసుకొని యాటనడుగుతడా?"

"బొంబాయి డాక్టర్లు గట్లనే ఉంటరు. నువ్వు సూడు, నడుమ మాట్లాడకు."

చివరి వారం టీవీలో ఆ అమ్మాయి నవ్వుతూ కారెక్కింది. ఆమెను శివునికి ఇచ్చారని చిన్నమామ తేల్చాడు. దాంతో అత్తమ్మ కూడా మొక్కుకుంది, శివరాత్రికి వేములవాడలో బిడ్డను శివసత్తిని చేస్తానని. దేవునితో లగ్గమైతే ఇక మనిషితో పెండ్లి ఉండదు. ఆడబిడ్డ నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

శివరాత్రికి ముందు అదే సీరియల్‌ను తెలుగులో మళ్లీ తీసి చూపించారు. ఆ తెలుగు మాది కాదు, అయినా హిందీ కన్నా దగ్గర. అందులో డాక్టరు కోడినీ అడగలేదు, యాటనూ అడగలేదు. "ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరమ్మా? నీకు ఎన్నేళ్లు?" అని మెల్లగా అడిగాడు. అంత ఎదిగిన అమ్మాయి లోపలి నుంచి చిన్నపిల్ల గొంతు పలికింది. చిన్నప్పటి భయం అలా వేర్వేరు మనుషులై లోపల ఉండిపోయిందని డాక్టరు చెప్పాడు.

"తెలుగోళ్లు కథ మార్చిండ్రు," అన్నాడు చిన్నమామ. అత్తమ్మ టీవీకి ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

ఆ వారంలోనే మీటరు చూసే ఆయన వచ్చి తలుపు బాదాడు. ఆడబిడ్డ మూటల వెనక్కి పోయింది. ఎప్పుడూ పసుపు, దీపం తెచ్చే అత్తమ్మ ఆ రోజు ఉత్త చేతులతో పోయి నేల మీద కూర్చుంది.

"నీకెన్నేండ్లమ్మా?"

మూటల వెనక నుంచి సన్నని గొంతు వచ్చింది. "ఏడు."

"గా పిల్ల ఎప్పుడస్తది మరి?"

"అవ్వ పిలిస్తె."

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత పేరు పెట్టి పిలిచింది. "నేనే అవ్వను. బస్సు దొరకలే బిడ్డా. ఇప్పుడచ్చిన, రా."

వచ్చింది. అంతమాత్రాన టీవీలోలాగా నయమైపోలేదు. జగిత్యాలలో ఒక డాక్టరమ్మ మందులిచ్చింది. తలుపు చప్పుడైనప్పుడల్లా అత్తమ్మ చేతిలో పని వదిలి పోయి పిలిచేది. కొబ్బరికాయలు తెచ్చినవాళ్లతో "గుడికి తీస్కపోండి, ఈడ నా బిడ్డె ఉంది" అనేది. మెల్లమెల్లగా పిలవాల్సిన పని తగ్గింది. తర్వాత ఆడబిడ్డ మా కోరుట్లకే కోడలైంది. అందుకు దేవునికీ, ఆ తెలుగు సీరియల్ తీసినవాళ్లకూ నా దండాలు.

మొక్కు తప్పానని అత్తమ్మ దాచుకోలేదు. మొక్కుకున్న ఆ శివరాత్రికే నన్ను వెంటబెట్టుకొని వేములవాడ పోయి, లైన్లో నిలబడి, రాజన్న దేవునికి అందరూ వినేటట్టే చెప్పింది: "నీకిస్తనన్న పిల్లకు ఇంకా ఏడేండ్లే సామీ. పెండ్లీడు గాదు. ఏమనుకోకు."

ఆమె పోయి చాలా కాలమైంది. మీరెవరైనా వేములవాడ పోయి దండం పెట్టుకునేటప్పుడు, మా అత్తమ్మను ఒకసారి తలచుకోండి.