మూడు కట్టల్లో ఒకే పిల్ల

నేను సైన్సు టీచర్ని. దయ్యం పట్టిందని ఊగిపోయే ఆడపిల్లలకు గ్లూకోజు నీళ్లు తాగించి, రక్తం తక్కువుందేమో చూపించమని దవాఖానకు పంపించినదాన్ని. ఇది చదివాక కూడా నేను దయ్యాల్ని నమ్మే మనిషినని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

డెబ్భైల చివర్లో మేం వరంగల్ కాశిబుగ్గలో అద్దెకుండేవాళ్లం. రోజూ రైల్లో స్టేషన్ ఘన్‌పూర్ బడికి వెళ్లొచ్చేదాన్ని. కథలు రాసే పిచ్చి పెళ్లికి ముందు నుంచే ఉంది. ఆ రోజుల్లో ఏ బుద్ధి పుట్టిందో, ఒకేసారి మూడు సంపుటాలు మొదలుపెట్టాను. మా వాడలో మగ్గం నేసేవాళ్ల కథలు ఒకటి. పొద్దుటి రైల్లో నాతో వచ్చేవాళ్ల కథలు ఒకటి. బడిపిల్లల కోసం మూడోది.

రైల్లో ఒక సంపుటం, అన్నం తిన్నాక స్టాఫ్‌రూంలో ఇంకో సంపుటం, ఇంటికొచ్చి పొయ్యి మీద అన్నం ఉడికేలోపు మూడోది. ఏదీ పూర్తయ్యేది కాదు. మూడింటినీ పాత చీర ముక్కల్లో మూడు కట్టలుగా కట్టి బీరువా మీద పెట్టేదాన్ని.

నా రాత నాకే అర్థం కాదు. అందుకని పక్క వీధిలో ఉండే వీరయ్య సారు సాఫుగా తిరగరాసి పెట్టేవారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు. రాస్తూ రాస్తూ నా తప్పులు పట్టుకునేవారు. "మూడో పేజీల మొగుడు సచ్చిండు, ఏడో పేజీల వచ్చి సాయ తాగుతాండు. ఏంది బిడ్డా ఇది?" అని నవ్వేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, తిరగరాయడానికి తీసుకెళ్లిన మూడు కట్టలూ చంకలో పెట్టుకుని వచ్చారు. ముఖంలో నవ్వు లేదు. మూడింట్లోంచి మూడు కథలు తీసి నా ముందు పరిచారు.

"ఈ పిల్ల ఎవరు బిడ్డా?"

"ఏ పిల్ల సారూ?"

చదవమన్నారు. మగ్గం కథలో చిన్నకోడల్ని గదిలో పెట్టి బయట గొళ్లెం పెడతారు. రైలు కథలో ఒక ముసలమ్మ, మూసిన గదిలో పోయిన తన చెల్లెలి గురించి చెబుతుంది. బడి కథలో సాయంత్రం ఒక పిల్ల తరగతి గదిలో ఉండిపోతుంది. మూడు కథల్లోనూ ఆ పిల్ల ఇత్తడి చెంబు అంచుతో తలుపు కింది భాగం గీకుతుంది. నీళ్లు అడుగుతుంది.

నేను గమనించనేలేదు. దొంగతనం బయటపడ్డట్టు సిగ్గేసింది. ఒకటి ఉంచి రెండు తీసేస్తానన్నాను.

"అది కాదు," అని బడి కథ మీద వేలు పెట్టారు. అక్కడ పిల్ల "రేగన్నా, తలుపు తియ్యి" అంటుంది. ఆ కథలో రేగన్న అనే మనిషే లేడు. కలంలోంచి వచ్చింది, తర్వాత సరిచేద్దామని వదిలేశాను.

"ఈ పేరు నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను.

ఆయన కుర్చీ వదిలేసి గోడకు ఆనుకుని కింద కూర్చున్నారు. "రేగన్న అంటే నేనే," అన్నారు.

ఆయనకొక చెల్లెలు ఉండేది, కొమురమ్మ. చిన్నప్పుడు ఆమెకు రేగుపండ్లు ఏరి తెచ్చేవారట. అందుకని ఆమె ఒక్కతే ఆయన్ను అలా పిలిచేది. ఆయన భార్యకు కూడా ఆ పేరు తెలియదు. కొమురమ్మను వర్ధన్నపేట అవతల ఒక పల్లెలో ఇచ్చారు. పందొమ్మిదేళ్లప్పుడు ఆమెకు అమ్మవారు పోసింది. ఈయన హైదరాబాదులో ట్రైనింగులో ఉన్నారు. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే పోయిందనీ, చివరిదాకా అత్త పక్కనే కూర్చుని నీళ్లు పట్టిందనీ అత్తింటివాళ్లు చెప్పారట. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఆ మాట మీదే ఉన్నారు.

"నాతోని ఒక్కపారి ఆ ఊరికి రా బిడ్డా. ఒక్కన్ని పోలేను."

నాకు వెళ్లాలని లేదు. వద్దనే ధైర్యమూ లేకపోయింది. బుధవారం సెలవు పెట్టాను. వర్ధన్నపేట దాకా బస్సు, అక్కడి నుంచి నడక. నేను అంతకుముందు ఎన్నడూ ఆ దారిలో కాలు పెట్టలేదు.

ఆ ఇంట్లో అత్త ఎప్పుడో పోయింది. కొమురమ్మ భర్తా లేడు. తోడికోడలు ఒక్కతే ఉంది, కళ్లు సరిగ్గా కనిపించని ముసలామె. పగటిపూట, వాకిట్లో కూర్చుని పత్తికాయలు వలుస్తోంది. వీరయ్య సారు పేరు చెప్పుకుని, ఒకే ఒక్క మాట అడిగారు.

"అక్కా, మా కొమురికి నీళ్లిచ్చిండ్రా?"

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా అత్త బయట గొళ్లెం పెట్టింది," అంది. "ఎవ్వలనూ పోనియ్యలె. రెండు దినాలు చెంబుతోని తలుపు గీకింది. నాకు సంకల పసిపిల్ల ఉండె తమ్మీ. దానికి అంటుతదని నేను తియ్యలె. రేగన్నా రేగన్నా అని ఎవలనో పిలిచింది. ఎవలో మాకు తెల్వదు. మూడోనాడు పొద్దుగాల సప్పుడు లేదు."

సారు ఏడవలేదు. ఆ గది ఎక్కడని అడిగారు. ఇప్పుడు అందులో కట్టెలు వేసుకుంటున్నారు. తలుపు అదే. ఇద్దరం లోపలికి వెళ్లాం. ఆయన తలుపు మూసి, మోకాళ్ల మీద కూర్చుని, కింది చెక్క మీద అరచెయ్యి పెట్టారు. నేనూ చూశాను. వంకర వంకర గీతలు, జానెడు మేర, ఒకదాని మీద ఒకటి. కొన్ని చోట్ల చెక్క గుంటపడేంత లోతుగా ఉన్నాయి.

బయటికొస్తుంటే ముసలామె నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లకు ఆయనకెవరు చెప్పిండ్రమ్మా?" అని అడిగింది. మెల్లగా చెయ్యి విడిపించుకుని సారు వెనకే నడిచాను.

ఆ తర్వాత సారు ప్రతి ఆదివారం వచ్చేవారు. తిరగరాయడానికి కాదు. "ఇంకేమన్న రాసినవా?" అని అడిగేవారు. రాసింది ఇస్తే గబగబా పేజీలు తిప్పి, ఆ పిల్ల లేదని చూసి, తిరిగిచ్చి వెళ్లిపోయేవారు. నిజానికి ఆ పల్లె నుంచి వచ్చాక ఆ పిల్ల నా రాతలోకి మళ్లీ రాలేదు. ఆయన మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నారు. మనిషి చిక్కిపోయారు.

చూడలేక ఒక తప్పు చేశాను. కూర్చుని ఒక కథ అల్లాను. అందులో గొళ్లెం తీసే మనిషి వస్తుంది. పిల్ల కడుపునిండా నీళ్లు తాగుతుంది. అన్న మీద తనకేం కోపం లేదని చెప్పి కళ్లు మూస్తుంది. ఇత్తడి చెంబు, రేగన్న పేరు, అన్నీ పెట్టాను.

సారు ఆ కథ మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివారు. కాగితాలు సమంగా సర్ది నా ఒళ్లో పెట్టారు.

"ఇది నువ్వు రాసినవు బిడ్డా," అన్నారు.

మళ్లీ రాలేదు. ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం పోయారు.

రైలు కథలూ మగ్గం కథలూ అచ్చయ్యాయి, ఆ రెండు కథలు లేకుండా. పిల్లల సంపుటం అలాగే ఆపేశాను. రైల్లో ఎవరో చెప్పుకుంటుంటే నా చెవిన పడి ఉంటుందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అలా అయితే ఒక్క కథలోకి రావాలి. మూడు వేర్వేరు చోట్ల కూర్చుని, మూడు వేర్వేరు నెలల్లో రాసిన వాటిలోకి ఎలా వచ్చింది?