ఎడమ కాలికి తాడు, కుడి కాలి కింద పెడల్

పాప పుట్టాక కొన్ని నెలల పాటు నా కాళ్లు నావి కావు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో ఫ్యాను పక్కన ఇంకో కొక్కెం ఉండేది. నాకు తోడుగా నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన అమ్మ, దానికి తన పాత నూలు చీరతో ఉయ్యాల కట్టింది. ఉయ్యాలకు ఒక తాడు, తాడు చివర ముడి, ఆ ముడిలో నా కాలి బొటనవేలు. కూరగాయలు తరుగుతున్నా, బట్టలు మడతపెడుతున్నా, అన్నం తింటున్నా ఏదో ఒక కాలు ఊపుతూనే ఉండేది. ఉయ్యాలలో పాప లేనప్పుడు కూడా ఊపుతున్నానని మా ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

అంతకు ముందు నేను కీబోర్డు వాయించేదాన్ని. టీవీ సీరియళ్లకు నేపథ్య సంగీతం చేసే ఒకాయన స్టూడియో వనస్థలిపురంలో ఉంది. రోజూ అక్కడికి వెళ్లేదాన్ని. కాన్పు తర్వాత కీబోర్డు పాత దుప్పటి కప్పుకుని బీరువా వెనక్కి చేరింది. ఒకరోజు ఆ స్టూడియో సార్ ఫోన్ చేసి, ఒక సన్నివేశానికి వయొలిన్లు కావాలి, ఇంట్లోనే వాయించి పంపగలవా అని అడిగారు. పంపుతానని టక్కున అనేశాను. నా కుర్చీలో అప్పటికే వేరొకరు కుదురుకున్నారని నాకు తెలుసు. ఇది తేడా కొడితే ఆయన మళ్లీ పిలవరు, నేనిక వాయించేదాన్ని అని చెప్పుకోవడం కూడా మానుకోవాలి.

కీబోర్డు మీద వయొలిన్లు వాయించడంలో ఒక తిరకాసుంది. అసలు వయొలిన్ మీద కమాను లాగుతుంటే ఒకే స్వరం సన్నగా మొదలై, నిండి, మళ్లీ పలచబడుతుంది. కీబోర్డు మీట నొక్కితే మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా మోగుతుంది. పెంచడానికీ తగ్గించడానికీ పక్కన చిన్న చక్రం ఉంటుంది గానీ, రెండు చేతులూ మీటల మీదుంటే దాన్ని తిప్పడానికి మూడో చెయ్యి కావాలి. నేను ముందు వాయించేసి, తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మౌసుతో ఎత్తుపల్లాలు గీసి పంపాను. సార్ వెంటనే ఫోన్ చేశారు.

"నోట్సన్నీ ఉన్నాయమ్మా. ఊపిరే లేదు," అన్నారు. శనివారం సాయంత్రం వరకు చూస్తానని కూడా అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఊపిరి తీసుకునే తీరిక నాకే లేకపోతే వయొలిన్లకు ఎక్కణ్ణుంచి తెచ్చేది అని గోడతో పోట్లాడాను.

మా ఆయన ఎల్బీ నగర్‌లో బస్సు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తాడు. సంగీతం గురించి తెలిసింది తక్కువ, నా మొహం చూసి అర్థం చేసుకునేది ఎక్కువ. మర్నాడు సాయంత్రం కోఠి వెళ్లి, ఎక్స్‌ప్రెషన్ పెడల్ అనేదాన్ని సంచిలో వేసుకుని మెట్రోలో వచ్చాడు. నల్లటి పలక. వేళ్ల వైపు తొక్కితే ముందుకు ఒరుగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి. ఆ చక్రం పని ఇది కాలితో చేస్తుంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టుమిషను తొక్కుడు పలక ఒక్కటే వచ్చింది, మిషనేదని అడిగింది.

పెడల్ తీగను కీబోర్డు వెనక గుచ్చాను, కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపాను. సాఫ్ట్‌వేర్‌లో 'లెర్న్' అనే గుర్తు నొక్కి పెడల్ ఒకసారి కదిపితే, ఈ కాలు ఈ శబ్దానిదని అది నేర్చుకుంటుంది. బుద్ధిగానే నేర్చుకుంది, కాకపోతే తలకిందులుగా. ముందుకు తొక్కితే వయొలిన్లు మాయం, కాలు వెనక్కి తీస్తే ఇల్లెగిరిపోయేంత మోత. ఉలిక్కిపడి లేచిన పాపను భుజాన వేసుకుని అరగంట తిరిగాక, 'ఇన్వర్ట్' అనే చిన్న గడిలో టిక్కు పెడితే చాలని తెలిసింది. తర్వాత, కాలు పూర్తిగా వెనక్కి తీసినా శబ్దం చచ్చిపోకుండా కాస్త మిగిలేలా కింది హద్దు పైకి జరిపాను. పెడల్ గచ్చు మీద జారిపోతుంటే అమ్మ తడిగుడ్డ మడిచి కింద పెట్టింది. ఇక నా అంత మొనగత్తె లేదనుకుని వాయించాను.

తిరిగి పెట్టుకుని వింటే పాణం ఉసూరుమంది. వయొలిన్లు లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి, మళ్లీ పడుతున్నాయి. కథలో బాధ పెరగాల్సిన చోట కూడా అదే ఊపు. వంటింట్లోంచి అమ్మ తల బయటపెట్టింది.

"ఉయ్యాల ఊపినట్టే ఉన్నది గదనే."

నిజమే. పలక మీద పెట్టగానే నా కాలు దాని పని అది మొదలుపెట్టింది. ఎంత బిగబట్టినా రెండు నిమిషాలకు మళ్లీ అదే తంతు. ఒట్టికాలు పెడల్‌ను ఉయ్యాల తాడే అనుకుంటోంది కదాని, దాన్ని మోసం చేద్దామని పెళ్లప్పటి ఎత్తు చెప్పులు తీసి వేసుకున్నాను. ఇంట్లో చెప్పులేందని అమ్మ గయ్యిమంది. బయటికి పోతున్నానేమోనని పాప ఏడుపందుకుంది. చెప్పులు విసిరికొట్టి నేనూ ఏడ్చాను.

శనివారం మధ్యాహ్నం అమ్మ వనస్థలిపురంలో ఉండే పెద్దమ్మను చూసి వస్తానని వెళ్లింది. ఇంట్లో పాప, నేను. ఇదే ఆఖరి అవకాశం అనుకుని కూర్చున్నానో లేదో ఉయ్యాలలో కదలిక మొదలైంది. లేచి ఎత్తుకుంటే సాయంత్రమైపోతుంది. ఉయ్యాల తాడు ఇటు లాక్కుని ఎడమ కాలి వేలికి తగిలించుకున్నాను. కుడి కాలు పెడల్ మీద. రెండు చేతులూ మీటల మీద. పాపకూ వినబడాలని స్పీకరు సన్నగా పెట్టాను. నేను రికార్డు చేసేది గదిలోని చప్పుళ్లను కాదు, నా వేళ్లూ కాలూ కదిలిన తీరును మాత్రమే. అందువల్ల పాప మూలిగినా, మెట్రో దడదడలాడినా అందులోకి రావు.

కిటికీ తెర ఉబ్బి తగ్గుతోంది. కింద చెరుకురసం బండి మువ్వలు ఎక్కడో నీళ్ల అడుగున మోగుతున్నట్టు వినిపిస్తున్నాయి. రాత్రుళ్ల నిద్ర బాకీ అంతా ఆ మధ్యాహ్నమే వచ్చి నా కనురెప్పల మీద కూర్చుంది. గోడ మీద ఉయ్యాల నీడ వస్తోంది, పోతోంది. ఎడమ కాలు తాడు లాగుతోంది, కుడి కాలు దాని వెంటే ఒరుగుతోంది. ఏది ఉయ్యాలో ఏది వయొలినో కాసేపు నాకు తెలియలేదు. పాప కన్ను తెరిచి చీర అంచు మీదుగా నన్ను చూసింది. నేను ఆమెకే వాయించాను. సీరియలూ గుర్తు లేదు, సారూ గుర్తు లేరు. ఎన్నో నెలల తర్వాత నా చేతులు నావయ్యాయి. పాప కూడా నాదే. ఒకదాని కోసం ఇంకోదాన్ని కింద పెట్టక్కర్లేకపోయింది. ఆ సంతోషం మాటల్లో పెట్టడం నాకిప్పటికీ రాదు.

ఆమె రెప్పలు బరువెక్కినకొద్దీ నా ఎడమ కాలు నెమ్మదించింది. కుడి కాలూ అంతే. చివరికి రెండూ ఆగాయి. ఆఖరి స్వరాలు సన్నగా, కదలకుండా అలాగే నిలబడ్డాయి.

తెలివొచ్చి చూసుకుంటే గుండె జారింది. సార్ చివర బాగా ఎత్తమన్నారు, నేను నేలకు దించేశాను. మళ్లీ వాయించే టైము లేదు. అలాగే పంపేశాను. పొద్దు గూకుతుండగా ఫోనొచ్చింది.

"ఆఖర్లో ఎందుకు తగ్గించావమ్మా?"

అబద్ధం ఒక్కటీ నోటికి రాలేదు. "పాప పడుకుంది సార్," అన్నాను.

అయితే ఆ చివరను ముట్టుకోననీ, అలాగే ఉంచుతాననీ, రేపు ఇంకో సన్నివేశం పంపుతాననీ చెప్పి పెట్టేశారు. అమ్మ వచ్చేసరికి నేను గచ్చు మీదే నిద్రపోతున్నానట.

ఇప్పుడు ఉయ్యాల లేదు. పాప మంచమంతా తనదే అన్నట్టు అడ్డంగా పడుకుని తంతుంది. నేను సార్‌కు ఇంకా వాయిస్తూనే ఉన్నాను, ఊపు తగ్గించుకోవడం కూడా కొంత నేర్చుకున్నాను. మొన్న పాత ఫైళ్లు తీస్తుంటే ఆ శనివారంది తెరుచుకుంది. స్వరాల కింద పెడల్ కదలికను సాఫ్ట్‌వేర్ ఒక గీతగా చూపిస్తుంది. చిన్న చిన్న గుట్టలు వరసగా, పోనుపోను పొట్టివై, చివరికి చదునైన గీత. ఫోన్లో పాప ఫోటోలు కుప్పలున్నాయి గానీ ఆమె నిద్రలోకి జారిన ఆ ఘడియ ఒక్కదాంట్లోనూ లేదు. ఇక్కడుంది.

పాప వచ్చి ఒళ్లో ఎక్కి, ఇదేందని అడిగింది. ఆమె వేలు పట్టుకుని గుట్టల మీదుగా నడిపించి, గీత చదునైన చోట ఆపాను.

"ఇగో, గిక్కడ నువ్వు పన్నవ్."

ఆ చోటును కాసేపు తేరిపార చూసి, నా వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

"నేను వాయిస్తున్న, బిడ్డా."