నర్సయ్య మామ జపాను పాటలు

సూరత్ నుంచి హజీరా వెళ్లే మా కంపెనీ బస్సులో కొత్త స్పీకరు బిగించారు. పాట చెవికి అందేలోపే దాని దరువు సీటు కడ్డీలోకి వచ్చేస్తుంది. కడ్డీ పట్టుకుంటే నర్సయ్య మామ గుర్తుకొస్తాడు. మామ అంటే చుట్టమేమీ కాదు. సూరత్‌లో మా పక్క గదిలో ఉండేవాడు, సిరిసిల్ల నుంచి వచ్చి ఏళ్ల తరబడి మరమగ్గాలు నడిపినవాడు. నాకు జపాను ర్యాప్ పరిచయం చేసింది ఆయనే అంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ.

లాక్‌డౌన్‌లో మా గల్లీ మగ్గాలు ఆగిపోయాయి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగినవాళ్లం, పక్కింటివాళ్ల దగ్గు వినడం అదే మొదలు. అంతకుముందు ఎవరికేం చెప్పాలన్నా ఎదురుగా వెళ్లి, పెదవులు బాగా కదిపి చెప్పేవాళ్లం. ఇప్పుడు గొంతు తగ్గించి, ఉన్నచోటి నుంచే మాట్లాడటం మరిగాం. గడప దాటితే మూతికి మాస్కు. సరిగ్గా అప్పుడే మామ పలకడం మానేశాడు. ఆయన భార్య యశోదత్త వంటగదిలోంచి పిలిచి పిలిచి విసిగిపోయి మా అమ్మ దగ్గర గోడు వెళ్లబోసుకునేది. పనిలేక మనిషికి పొగరెక్కిందని గల్లీ అంతా తేల్చేసింది.

ఆ పొగరు మనిషి మధ్యాహ్నాలు డాబా మీద, స్టీలు గిన్నెలో ఫోను పెట్టి, గిన్నెకు అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. ఏం పాటో చూద్దామని వెళితే జపాను వాళ్ల ర్యాప్! ఏదో నొక్కబోతే తగిలిందట, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వస్తున్నాయట. ఫోనులో కాలేజీ పాఠాలు విని విని బుర్ర వాచిపోయి ఉన్నానేమో, నేనూ కాస్త ఎడంగా చతికిలబడ్డాను. ఒక అమ్మాయి నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా పాడేది. ఇంకొకడు ఊపిరి తీసుకోకుండా దంచేవాడు. నాకు వాళ్ల పిచ్చి పట్టుకుంది.

ఆ దంచేవాడు మాటిమాటికీ 'అన్నా' అని పిలుస్తున్నాడని మామ నమ్మకం. వీడియోలో వాడి పెదవులు చూపించి మరీ వాదించాడు. నేను ఊరుకోకుండా వెతికి, వాళ్ల భాషలో ఆ మాటకు 'అలాంటి' అని అర్థమని చెప్పాను. చెప్పేటప్పుడు చాయ్ తాగుతున్నాను, మాస్కు గదవ కింద ఉంది. "గట్లనా? నన్ను పిలుస్తలేడా అయితే?" అని నవ్వాడు.

మర్నాడు పాటంతటికీ అర్థం వెతికి తెచ్చి, మాస్కులోంచి గడగడా చదివాను. మామ నా మాస్కు వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. మాస్కు కిందికి లాగి, వింటున్నావా లేదా అని నిలదీశాను. వెంటనే జవాబొచ్చింది.

"ఇంటలేను బిడ్డా. నా చెవులను మగ్గాలు తినేసినయి, ఎన్నడో."

మాస్కు మళ్లీ పైకి లాగలేదు నేను. ఆయనే మళ్లీ అన్నాడు: "మనోళ్ల పాట పెడితే మాట దొరకది. చెవిటోన్నని యాదికొస్తది. గిది పెడితే నీకూ ఏం తెల్వది, నాకూ ఏం తెల్వది. ఇద్దరం ఒక్కటే."

అత్తకు చెప్పొద్దన్నాడు. ఎలా చెప్పకుండా ఉంటాను? ఆమె రోజూ ఏడుస్తోంది. ఆ సాయంత్రమే చెప్పేశాను. అత్త గబగబా డాబా ఎక్కి, ఆయన ఎదురుగా నిలబడి, మాస్కు తీసేసింది. "గిన్నొద్దులు నామీద కోపమనుకున్ననయ్యా," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మగ్గాలు తిరిగి నడిచాక మామ పనికి వెళ్లాడు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు కాబట్టి ఆయనకు లోటేమీ లేదు. ఇప్పుడు నేను ఎవరైనా పలకకపోతే, పొగరనుకోకుండా వెళ్లి ఎదురుగా నిలబడతాను. జపాను పాటలు మాత్రం రోజూ ఉండాల్సిందే. అంత ఇష్టమైనప్పుడు ఆ భాష నేర్చుకోవచ్చు కదా అంటారు స్నేహితులు. నేర్చుకోను. నేర్చుకుంటే ఆ పాటల ముందు మామ ఒక్కడే మిగిలిపోతాడు.