జాకీకి అందని పొగ

నెలకొకసారి మా కుక్క చుక్కికి వేసే బిళ్ళ రేకు చించగానే గదంతా మాడిన మాంసం వాసన కమ్ముకుంటుంది. రాజమండ్రిలో ఇరుకు అద్దెవాటా ఇది, వాసన పోయే దారి లేదు. అది ముక్కుకు తగిలిన ప్రతిసారీ నాకు మరో వాసన గుర్తొస్తుంది: ఊక, ఎండు వేపాకు, పిడకలు కలిసి రాజుకున్న పొగ.

నాట్లు పడి, చేలన్నీ నీళ్ళతో నిండి, కాలవగట్ల మీద కప్పలు అరిచే రోజుల్లో మా ఊళ్ళో పొద్దుగూకితే దోమలు ముద్దలుగా తిరిగేవి. పాలేరు గొడ్లసావిట్లో పొగ వేస్తే గేదెలు అందులో కళ్ళు మూసుకుని నెమరు వేసేవి. మేం పిల్లలం వేడన్నంలో పనసపొట్టు కూర, చేతినిండా నెయ్యి కలుపుకుని తిని, పందిరిమంచాల మీద దోమతెరల్లోకి దూరేవాళ్ళం. గేదెలకు పొగ, మనుషులకు తెర. మిగిలింది జాకీ.

జాకీ తాతయ్య కుక్క. నల్లగా నిగనిగలాడుతూ, ఇత్తడి గొలుసుతో వీధరుగు మీద ఉండేది. దారినపోయేవాళ్ళు ముందు దాన్ని చూసి, తర్వాత తాతయ్యకు దండం పెట్టేవాళ్ళు. దాని పక్కనే, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కునే నీళ్ళ గంగాళం. దానికి మూత ఉండేది కాదు. అది ఖాళీగా కనిపించడం మా ఇంటికి చిన్నతనం.

"దోమలు పీక్కుతింటన్నాయండి దాన్ని. సావిట్లో కట్టిస్తే పొగైనా తగులుద్ది కదా," అంది మామ్మ ఒకసారి.

"మనింటి కుక్క గేదెల పక్కన పడుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారే? రేపు నన్నూ అక్కడే పడుకోమంటావా?"

"గేదెలు ఒప్పుకోవాలి కదండీ," అని మామ్మ లోపలికి పోయింది.

మరుసటేడు జాకీకి దగ్గు పట్టుకుంది. నాలుగడుగులు పరుగెత్తి కూలబడేది. పక్కటెముకలు తేలాయి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. తాతయ్య దిష్టి తీయించాడు, మిరియాల కషాయం పోయించాడు. ఏదీ పని చెయ్యకపోయేసరికి, తమ్ముడు మందు పెట్టాడన్నాడు. తమ్ముడంటే మా చిన్నతాతయ్య, అదే లోగిట్లో పక్క వాటాలో ఉండేవాడు. రోజూ జాకీకి కొరమేను తలకాయ వేసేది ఆయనే. మందు ఆ తలకాయలోనే కలిపాడని తాతయ్య తీర్మానించాడు.

"కుక్కకి మందెట్టడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా అన్నయ్యా? పెట్టేవాణ్ణయితే నీకే పెడుదును," అని చిన్నతాతయ్య నవ్వాడు.

ఆ నవ్వును తాతయ్య క్షమించలేదు. జాకీ పోయిన నెలకే పెరడు మధ్య గోడ లేచింది. తర్వాత పంపకాలు, కోర్టులు. రెండు వైపుల పొలాలూ ప్లీడర్ల పాలయ్యాయి. చిన్నతాతయ్య కొవ్వూరు వెళ్ళిపోయాడు. ఆ గడప తొక్కనని తాతయ్య మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

నిరుడు చుక్కిని చూపించడానికి వెళ్ళినప్పుడు పశువుల డాక్టరమ్మకు జాకీ సంగతి చెప్పాను.

"చూడని కుక్క గురించి ఖాయంగా అనలేనండి. కానీ గుండెపురుగు జబ్బు లక్షణాలివే. దోమ కాటుతో పురుగు పిల్ల ఒంట్లోకి దిగి, నెలల తరబడి పెరిగి, గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దారప్పోగుల్లా చేరుకుంటుంది. ముదిరాక వైద్యం కష్టమండి. ముందు రక్తపరీక్ష చేద్దాం. ఆనక నెలనెలా బిళ్ళ మానొద్దు. దగ్గర్లో నీళ్ళు నిలవ ఉంచకండి."

మనుషులకు బోదకాలు దోమ వల్లే వస్తుందని మా ఊరి గోడల మీద రాసి ఉండేది. కుక్కకు మాత్రం అయినవాళ్ళే చేటని నమ్మాం.

ఒట్టు గడపకే గాని ఫోనుకు కాదు. కొవ్వూరులో చిన్నతాతయ్య కూతురు, నాకు మేనత్త వరస, ఇంకా ఉంది. ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మా నాన్న మంచాన పడి కూడా, ఆ కుక్కకి నేనేం చెయ్యలేదనే అన్నాడ్రా అబ్బాయ్. ఇప్పుడెవరికి చెప్పమంటావ్?" అంది. ఆనక, "మీ కుక్కనెక్కడ పడుకోబెడతన్నావ్?" అని అడిగింది.

"నా దోమతెరలోనే అత్తా."

"మీ తాత చూస్తే ఉరేసుకునేవాడు," అని పెట్టేసింది.

లోగిలి కొన్నవాళ్ళు సావిడి, వీధరుగు అన్నీ పడగొట్టారు. గంగాళం ఎప్పుడో అమ్ముడుపోయింది. పెరట్లో అన్నదమ్ములు కట్టుకున్న గోడ మాత్రం గట్టిగా ఉందని ఉంచేశారు. ఇప్పుడది రొయ్యల మేత గోడౌనుకు ఒక పక్క గోడ.