చప్పట్ల మేడమ్

మా వదినది నోటితో చేసే ఉద్యోగం. అంటే కొట్లాడే ఉద్యోగం కాదు లెండి, చదివే ఉద్యోగం. కళ్ళు కనిపించనివాళ్ళ కోసం పుస్తకాలు రికార్డు చేసే గ్రంథాలయం ఒకటుంది. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాలి. అక్కడ ఒక ఇరుకు గదిలో మైకు ముందు కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లావుపాటి పాఠ్యపుస్తకాలు పైకి చదువుతుంది. నేను పెళ్ళయి, అది నిలవక, అన్నయ్య ఇంటికి తిరిగొచ్చేనాటికే ఆవిడ ఆ పనిలో ఉంది. నా జుట్టు సగం నెరిసేనాటికి కూడా ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది.

ఇంటికొచ్చాక మాత్రం ఉలకదు, పలకదు. చెప్పులు విడుస్తుంది, మొహం కడుక్కుంటుంది, నేనిచ్చిన టీ తాగుతుంది, బెల్లం కొట్టిన రాయిలా కుర్చీలో కూర్చుంటుంది. నేనేమో ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడతాను. అన్నయ్య లిఫ్టులు బాగుచేయడానికి పోతాడు, మేనకోడలు కాలేజీకి పోతుంది, నాకు రోజంతా మిషను చప్పుడే తోడు. సాయంత్రానికి నా నోట్లో మాటలన్నీ పేరుకుపోయి ఉంటాయి. ఆవిడ నోట్లో ఒక్కటీ మిగలదు. పైవాడు మా ఇద్దరికీ పంపకాలు భలే చేశాడు.

ఆ గది సంగతి వింటే మీకే ఉక్కపోస్తుంది. ఫ్యాను వేస్తే మైకులో గాలి చప్పుడు పడుతుందని చదువుతున్నంతసేపూ ఆపేస్తారు. గాజులు వేసుకోకూడదు. గరగరలాడే బట్టలు కట్టుకోకూడదు. ఆకలితో కడుపు గుర్రుమన్నా మైకు పట్టేస్తుందట. పోనీ నిండుగా తిని వెళదామా అంటే ఆవులింతలు. అందుకని పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని, మందు వేసుకున్నట్టు కొలిచి తింటుంది. ఇంకో ముద్ద తినమంటే విననే వినదు, నేనూ బతిమాలడం మానేశాను.

చదివేటప్పుడు తప్పు దొర్లితే ఏం చేస్తారో తెలుసా? ఆగిపోకూడదు, నాలుక కరుచుకోకూడదు, అయ్యో అనకూడదు. చేతులు ఒక్కసారి గట్టిగా చరిచి, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవాలి. తర్వాత రికార్డింగును సరిచేసే ఆయనకి కంప్యూటరు తెర మీద ఆ చప్పట పొడుగాటి గీతలా కనపడుతుంది. తప్పు వాక్యాన్నీ చప్పటనీ కోసి పారేస్తాడు. వదిన ఆయన్ని కత్తెరాయన అంటుంది. ఆయన కన్నుగప్పి కొన్ని చప్పట్లు పుస్తకాల్లో మిగిలిపోయేవట. వినే పిల్లలు వాటిని పట్టుకుని మా వదినకి చప్పట్ల మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజున కత్తెరాయనతో పెద్ద గొడవే పెట్టుకుంది.

ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. అన్నయ్య కంచం ముందు కూర్చుని, "ఇందులో ఉప్పుందా అసలు? నాలుకలు ఆఫీసులో వదిలేసి వండారా?" అన్నాడనుకోండి, వదిన టప్‌మని చేతులు చరిచేది. అంటే, తప్పు చదివావు, మళ్ళీ మొదటి నుంచి అందుకో అని. అన్నయ్య గొంతు సవరించుకుని, "కాస్త ఉప్పు అందిస్తారా" అనేవాడు. మేం ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం. మా ఇంట్లో చాలా తగువులు అలా మొదటి వాక్యంలోనే తెగిపోయాయి.

చదివేవన్నీ ఆవిడకి ఇష్టమైన పుస్తకాలేం కావు. పన్నుల చట్టం, గణాంకాలు, కార్యాలయ నిర్వహణ. పెళ్ళయిన కొత్తలో కథల పుస్తకాలంటే చెవి కోసుకునేదట. పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా పేజీ వదిలేది కాదని అన్నయ్య చెబుతాడు. ఇప్పుడు ఇంట్లో పుస్తకం అట్ట కనిపిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటుంది. మా పుస్తకాల అలమారలో ఇప్పుడు నేను కుట్టిన యూనిఫారాలు సైజులవారీగా ఉంటాయి. ఇదేం చోద్యం వదినా, పుస్తకాలతో బతికే ఇంట్లో పుస్తకమే లేదు అంటే, "రోజంతా వండినవాళ్ళకి ఆకలెయ్యదు అమ్మాయ్" అంది. ఆ మాట నిజమే, నేను కుట్టిన బట్ట నేనూ ఎప్పుడూ కట్టుకోలేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం మా మేనకోడలు చదువుకుంటోంది. ఈ కాలం పిల్లలు చదువుకోవడమంటే మంచం మీద వాలి ఫోను వినడం. అందులో పాఠం చెప్పేవాడు వెనక కుక్క తరుముతున్నట్టు మాట్లాడుతున్నాడు. ఏమిటే వీడికంత తొందర అని అడిగాను. రెండింతల వేగం పెట్టానంది. అంతటితో ఊరుకోవచ్చుగా! "అందరూ ఇలాగే వింటారత్తా. అమ్మ పుస్తకాలు వినేవాళ్ళు కూడా ఇంతే. లేకపోతే అంతంత పుస్తకాలు ఎప్పటికవుతాయి?" అనేసింది.

వదిన పక్కనే ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగిపోయింది. మర్నాడు కత్తెరాయన్ని నిలదీస్తే, ఆయన నసిగి నసిగి నిజమేనని ఒప్పుకున్నాడట. ఆ సాయంత్రం టీ కూడా ముట్టుకోకుండా, తనంతట తానే నోరు విప్పింది. "కామా దగ్గర ఎంత ఆగాలి, పేరా మారితే ఎంత ఆగాలి అని అన్నీ చూసుకుని చదివాను. ఇన్నేళ్ళు. ఎవరికీ అక్కర్లేదట" అంది. నేను కప్పు తీసుకెళ్ళి టీ మళ్ళీ వేడిచేసి తెచ్చాను.

ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్ళడం కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళడమే అయింది. చదువు మీద మనసు లేదు, మానే ధైర్యమూ లేదు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి చేతికర్ర పట్టుకుని గ్రంథాలయానికి వచ్చింది. చూపు లేదు. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాస్తోంది, రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక ఆ ఉద్యోగం ఊసు మర్చిపోవడమే. పిల్లల చదువు, పిల్లల మనసు గురించి కొత్తగా పెట్టిన పుస్తకం దిండంత ఉంది, ఎవరూ రికార్డు చెయ్యలేదు. చప్పట్ల మేడమే చదవాలని పట్టుబట్టింది. ఆ పేరు మొహం మీద వినడం అదే మొదటిసారి, కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది అని వదిన నాతో చెప్పింది. పుస్తకం ఒప్పుకుని వచ్చింది.

సగం దాటేసరికి గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళన్నాం, ఆవిరన్నాం, దేనికీ లొంగలేదు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. గొంతులో తీగలు వాచిపోయి గట్టిపడుతున్నాయట. వెంటనే మౌనం పట్టాలి, గుసగుస కూడా కూడదు, మొండికేస్తే ఉన్న గొంతు కూడా పోతుంది అన్నాడాయన. వదిన బుద్ధిగా తల ఊపింది. ఆ తల ఊపడం చూసి నమ్మిన నన్ను నేనే తిట్టుకోవాలి.

ఇంటికి రాగానే, ఆ పుస్తకం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి వదినా అన్నాను.

"సగం నా గొంతుతో విని సగంలో మారితే ఆ పిల్ల తికమకపడుతుంది. పరీక్ష దగ్గర పడింది. నేనే చదివేస్తాను. ఇంట్లో మాట్లాడను. అంతే."

ఇంట్లో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాటలవే. నాకు ఒళ్ళు మండింది. అంటే ఏమిటి? మా వంతు కోసేసి ఆ పుస్తకానికి పెడుతుందన్నమాట. ఎన్నేళ్ళనుంచో రోజుకి నాలుగు మాటల కోసం మొహం వాచి ఉన్నదాన్ని, ఆ నాలుగూ పోయాయి. రెండు రోజులు నేనూ మాట్లాడకుండా చూశాను. ఆవిడకి తేడా తెలిస్తేగా! మూడో రోజు పొద్దున్నే ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి చేతికిచ్చాను.

ఇక అప్పటినుంచి ఆవిడ నోరు నేనే అయ్యాను. ఆవిడ ఫోన్లు నేనెత్తాలి. పాలవాడితో, గ్యాసు వాడితో నేనే మాట్లాడాలి. గ్రంథాలయం పెద్దావిడ ఫోను చేసి గొంతేమిటి అలా ఉంటోందని అడిగితే, జలుబండీ, తగ్గిపోతోందండీ అని నేనే బొంకాలి. అన్నయ్య మొదట్లో, ఇలాంటి అదృష్టం ఎంతమంది మొగుళ్ళకి పడుతుంది అని వేళాకోళమాడాడు. వారం తిరిగేసరికి ఆయన మొహం వేలాడిపోయింది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా నోరెత్తకుండా తినేసి, వంటింట్లో కంచం కడుక్కుంటూ తనలో తాను మాట్లాడుకునేవాడు. ఇల్లంతా ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు ఉండేది, నిజానికి బాగోలేదు కూడాను.

ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలిందని ఒక సాయంత్రం వేళ్ళతో పేజీల మందం చూపించింది. ఆ కళ్ళలో వెలుగు చూసి నా కోపం సగం చచ్చింది. మర్నాడు మధ్యాహ్నమే కత్తెరాయన ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చి దింపాడు. గుమ్మంలోనే నిలబడి నాకు సంగతంతా చెప్పాడు. ఒకే వాక్యం దగ్గర చప్పట కొట్టడం, మళ్ళీ మొదలుపెట్టడం, మళ్ళీ కొట్టడం, అరచేతులు ఎర్రబడిపోయాయి కానీ ఆ వాక్యం చివరిదాకా వెళ్ళలేదట. పెద్దావిడ గది కిటికీ అద్దంలోంచి చూసి మైకు ఆపించేసింది. మిగిలిన అధ్యాయం కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించింది.

వదిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది, చప్పుడు లేదు. ఏడవడానికి కూడా గొంతు లేని మనిషిని నేనప్పుడే చూశాను. డాక్టరు మా ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టాడు. మాటయితే తిరిగొస్తుంది గానీ, గంటలకొద్దీ చదివే గొంతు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

అప్పటినుంచి ఆవిడ రోజంతా ఇంట్లోనే. నేను కాలర్లు కుడుతుంటే ఎదురుగా కూర్చుని గుండీలు అందించేది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే కదా, ఎదురుగా కూర్చుని వినే మనిషి. పక్కింటివాళ్ళ గొడవలన్నీ చెప్పాను, మా చిన్నప్పటి సంగతులు చెప్పాను, చెప్పినవే మళ్ళీ చెప్పాను. అన్నిటికీ తల ఊపేది. నాకే విసుగొచ్చి ఊరుకున్నాను. ఆవిడ బాధపడేది గొంతు గురించి కాదని నాకు తెలుసు. ఆ పిల్ల పరీక్ష ఏమవుతుందోనని.

పరీక్ష అయిన సాయంత్రం వదిన ఫోను మోగింది. నేనెత్తాను. ఆ అమ్మాయే. మేడమ్ మాట్లాడకూడదమ్మా, డాక్టరు వద్దన్నారు, నేను ఆవిడ ఆడపడుచుని, ఇక్కడే కూర్చుని వింటోంది, చెప్పమ్మా అని స్పీకరు పెట్టాను. వదిన చేతిలో గుండీల డబ్బా ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగింది.

"బాగానే రాశానండి. ఆఖరి చాప్టరు ప్రశ్నలు మాత్రం వదిలేశాను. కొత్త మేడమ్ కూడా బాగానే చదివారు. కానీ స్పీడు పెంచితే మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మామూలుగా వినడానికి టైము చాల్లేదు."

వదిన మొహం పాలిపోయింది. ఆ స్పీడు మాట వినగానే నాకు ఎక్కడలేని ఉక్రోషమూ పొడుచుకొచ్చింది. ఎదురుగా ఈ మనిషి గొంతు పోగొట్టుకుని కూర్చుంటే ఎలా ఊరుకుంటాను? "అసలా స్పీడెందుకమ్మా మీకు? ఆవిడ అంత నిదానంగా, అంత కష్టపడి చదివింది దేనికి, మీరు పరిగెత్తించడానికా?" అని అడిగేశాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని లాగింది, నేను ఆగలేదు.

ఆ అమ్మాయికి కోపం రాలేదు. "మేడమ్ చదివింది కాబట్టే పరిగెత్తించగలమండి. ఎంత స్పీడు పెట్టినా ఆవిడ గొంతులో ఒక్క అక్షరం కూడా పోదు. ఆవిడ చదివిన పుస్తకాలుంటేనే మేం చూపున్నవాళ్ళతో సమానంగా పరీక్షకి అందుకుంటాం" అంది.

నేను వదిన వైపు చూడలేకపోయాను. మిషను మీది బట్టని ఊరికే సర్దుతున్నాను. అంతలో గుండీల డబ్బా నేల మీద పెట్టిన చప్పుడు, వెంటనే టప్‌మని ఒక చప్పట వినిపించాయి.

ఫోనులో ఆ అమ్మాయి ఆగిపోయింది. తర్వాత చిన్నగా నవ్వింది. ఏమిటని అడగలేదు. గొంతు సవరించుకుని, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. "మేడమ్ చదివింది కాబట్టే పరిగెత్తించగలమండి" అంటూ, కామా దగ్గర ఆగుతూ, ఏ తొందరా లేకుండా, చివరిదాకా చెప్పింది.

వదిన కళ్ళు తుడుచుకోలేదు. మళ్ళీ చేతులెత్తింది. ఈసారి నేనే ఆ రెండు చేతులూ పట్టుకుని ఆపాను. పాపం, పొద్దుటి నుంచి పరీక్ష రాసొచ్చిన పిల్ల, దానిది మాత్రం గొంతు కాదా?